క్యాన్సర్ గుట్టు రట్టు చేసే ‘స్టేటస్’!

2015లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కి మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కాలేయానికీ మెదడుకీ పాకిందని తేలింది. అప్పటికాయనకు 90 ఏళ్లు! ఆపరేషన్, రేడియేషన్‌లతో పాటు పెంబ్రోలిజుమాబ్ అనే మందూ ఇచ్చారు. ఆ డిసెంబరుకల్లా స్కాన్‌లో క్యాన్సర్ జాడ లేదు. ఆయన నూరేళ్లు బతికారు. తమాషా ఏంటంటే, ఆ మందు తనంతట తాను క్యాన్సర్ కణాన్ని చంపదు. మన ఒంట్లోని టి-కణాలతో చంపిస్తుంది.

లోపలిది బయటికి

ఎదుటి కణం లోపల ఏం జరుగుతోందో టి-కణానికి కనిపించదు. అందుకే మన కణాలు దాదాపు అన్నీ లోపలి ప్రోటీన్లను ముక్కలు చేసి, హెచ్ఎల్ఏ అనే అణువుల మీద పెట్టి బయటికి చూపిస్తుంటాయి. వాట్సాప్‌లో స్టేటస్ పెట్టినట్టన్నమాట! టి-కణం వాటిని తడిమి చూస్తుంది. మామూలువైతే వదిలేస్తుంది. క్యాన్సర్ కణంలో జన్యువులు మారతాయి కాబట్టి కొన్ని ముక్కలు తేడాగా ఉంటాయి. ఒక్క అమైనో ఆమ్లం మారినా, దానికి సరిపోయే టి-కణం పట్టేయగలదు.

మరి తప్పించుకుంటోందెలా?

కొన్ని క్యాన్సర్ కణాలు స్టేటస్ పెట్టడమే మానేస్తాయి. కొన్నేమో టి-కణం మీదుండే పీడీ-1 అనే బ్రేకు నొక్కేస్తాయి. దాంతో దొంగను గుర్తుపట్టి కూడా టి-కణం చేతులు కట్టుకుని నిలబడిపోతుంది. ఆ బ్రేకు పడకుండా అడ్డుకునేదే పెంబ్రోలిజుమాబ్. ఇలాంటి బ్రేకులపై పరిశోధనలకే జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది.

అలాగని అందరికీ పనిచేయదు. పట్టుకోవడానికి తేడా ముక్క ఉండాలిగా! ఎండవల్ల వచ్చే మెలనోమా, పొగతాగడంవల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్లలో జన్యు మార్పులెక్కువ. అవి ఈ మందులకు లొంగడానికి అదో కారణం. ఇంకో చిక్కు- బ్రేకు పోయిన టి-కణాలు ఒక్కోసారి ఆరోగ్యంగా ఉన్న పేగులు, థైరాయిడ్‌ల మీదా పడతాయి.

స్టేటస్ లేకపోతే?

అప్పుడు కార్-టి ఉంది. రోగి టి-కణాల్ని బయటికి తీసి, కణం పైనుండే గుర్తును నేరుగా పట్టుకునే కొక్కెం తగిలించి మళ్లీ ఎక్కిస్తారు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19కి మన దేశంలో 2023లో అనుమతి వచ్చింది. ఇది కొన్ని రక్త క్యాన్సర్లలో సీడీ19 అనే గుర్తును పట్టుకుంటుంది. ఆ గుర్తు మంచి బి-కణాల మీదా ఉంటుంది. అవి కొన్నాళ్లు తగ్గినా రోగిని కాపాడుకోవచ్చు. అదే రొమ్ము, కాలేయం లాంటి చోట గడ్డకట్టిన కణితుల్లో అలా కుదరదు. క్యాన్సర్ మీద మాత్రమే ఉండి, మంచి కణాల మీద లేని గుర్తు కావాలి. శాస్త్రవేత్తలు ఇప్పుడు వెతుకుతున్నది దాన్నే!