గాజుగోడల మధ్య కొలను

"చెరువు తవ్వి నీళ్ళు పెట్టిన రోజునే చేపపిల్లని వదుల్తార్రా ఎవరైనా?" అని మా అమ్మ అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఇరవై యేళ్ళుగా కాలేజీలో ప్రబంధాలలోని సరోవర వర్ణనలు పాఠం చెబుతున్నవాణ్ణి. తామరలూ, హంసలూ, తుమ్మెదలూ కంఠోపాఠమే గాని, ఆ కొలనులో నీళ్ళంటూ కొన్ని వుంటాయనీ, ఆ నీళ్ళకూ ఒక ఆరోగ్యం వుంటుందనీ నాకా రోజుదాకా తోచలేదు.

ఇది అయిదేళ్ళ క్రితం మాట. మా అమ్మాయికి అప్పుడు పన్నెండేళ్ళు. పుట్టినరోజుకి అక్వేరియం కావాలంది. ఆదివారం సాయంత్రం బజారుకు వెళ్ళి, రెండడుగుల గాజుతొట్టె, నీలిరంగు గులకరాళ్ళు, ప్లాస్టిక్ మొక్కలు, నోరు తెరిచి బుడగలు వదిలే మొసలిబొమ్మ, పన్నెండు చేపలు, అన్నీ ఒకే రిక్షాలో ఇంటికి తెచ్చాం. రాత్రి ఎనిమిదింటికల్లా హాల్లో దీపావళే. పక్కింటివాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్ళారు.

మూడోనాటికి చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. దుకాణదారు "నీళ్ళు మొత్తం మార్చెయ్యండి సార్" అన్నాడు. మార్చాం. శుభ్రం మీద అభిమానం కొద్దీ రాళ్ళనూ, ఫిల్టరులోని స్పాంజినీ కుళాయి కింద పెట్టి తళతళలాడేటట్టు కడిగాం కూడా. ఎనిమిదో రోజుకు పన్నెండింటిలో ఒక్కటీ మిగల్లేదు. అమ్మాయి వాటిని కాగితంలో చుట్టి కరివేపాకు చెట్టు మొదట్లో పూడ్చి వచ్చి, "వాటికి జబ్బేం లేదు నాన్నా, మనమే చంపాం" అంది. తొట్టె అటకెక్కింది.

మా అమ్మ పుట్టిల్లు కొల్లేటి దాపున. అక్కడ చేపల చెరువు వేసేవాళ్ళు ముందు చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, పశువుల ఎరువు వేసి, నీళ్ళు పెట్టి, ఆ నీటి రంగు తిరిగేదాకా కాచుకుని కూర్చుంటారు. ఆ తర్వాతే పిల్ల. ఆవిడ అడిగిన ప్రశ్నలో వున్న శాస్త్రమంతా తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

చేప విసర్జించే అమోనియా చాలా భాగం దాని మొప్పల గుండానే నీళ్ళలో కలుస్తుంది. అది విషం. నదిలో అయితే కొట్టుకుపోతుంది. తొట్టెలో ఎక్కడికి పోతుంది? ఒక జాతి సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే, చేప నెత్తురు ప్రాణవాయువును మొయ్యలేకుండా చేస్తుంది. మరో జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. దీనితో అంత ప్రమాదం లేదు, పైగా మొక్కలకు ఆహారం. ఈ సూక్ష్మజీవులను 1890 ప్రాంతాల్లో విడదీసి చూపించినవాడు రష్యను శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ. ఇవి కంటికి కనిపించవు. రాళ్ళనూ, ఇసుకనూ, స్పాంజినీ అంటిపెట్టుకుని మెల్లిగా పెరుగుతాయి. కొత్త తొట్టెలో అవి చాలినన్ని కావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మేము మొదటిరోజునే పన్నెండు చేపల్ని దింపి, మూడోనాడు ఆ స్పాంజిని తళతళలాడించాం! వున్న కాసిని సూక్ష్మజీవులనూ క్లోరిన్ నీటితో కడిగి పారబోశామన్నమాట.

ఇటువంటి పొరపాట్లు చేసింది మేము మొదటివాళ్ళం కాదని తెలిసి కొంత ఊరట కలిగింది. లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు గాజుపాత్రలో రెండు బంగారుచేపలను, వాలిస్నేరియా అనే నీటిమొక్కను వుంచాడు. కొన్నాళ్ళకు ఆకులు కుళ్ళి నీళ్ళు జిగురుగా, మురికిగా తయారయినాయి. ఆయన నీళ్ళు పారబొయ్యలేదు. కుళ్ళిన ఆకులు తినే నత్తలను తెచ్చి వేశాడు. నీరు తేరుకుంది. ఈ సంగతి 1850లో అక్కడి రసాయనశాస్త్ర సంఘానికి నివేదించాడు. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు వెలిసింది. మరుసటి యేడు గాస్ రాసిన పుస్తకంతో 'అక్వేరియం' అనే మాట ఇంటింటా నలిగింది.

మూడేళ్ళ క్రితం వానాకాలంలో అమ్మాయే అటక మీంచి తొట్టె దింపించింది. ఈసారి ప్లాస్టిక్ లేదు, మొసలి లేదు. నేను డబ్బు ఇవ్వాలి, తను చెప్పినట్టు వినాలి. అదీ ఒప్పందం.

ముందు బల్ల సంగతి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు తొట్టెలో సుమారు 70 లీటర్లు పడతాయి. అంటే 70 కిలోల నీరు. మట్టీ, రాళ్ళూ, గాజూ కలిస్తే క్వింటాలుకు దగ్గర. టీపాయి మీద పెట్టే వస్తువు కాదు. కిటికీ ఎండ నేరుగా పడకూడదు; పడితే పాచి తప్ప మరేదీ పెరగదు. అడుగున ఎరువు కలపని తోటమట్టి జల్లించి ఒక అంగుళం, దాని మీద కడిగిన సన్నగులక ఒకటిన్నర అంగుళం. వెనక ఎత్తుగా, ముందు పల్లంగా వాలు పెడితే అడుగు వెడల్పు తొట్టె కూడా లోతుగా కనిపిస్తుంది.

రాళ్ళు ఏరేటప్పుడు మా ఆవిడ ఒక ఉపాయం చెప్పింది. వంటింటి గట్టు మీది కడప బండ మీద నిమ్మరసం పడితే మచ్చపడుతుంది గదా, సున్నపురాయి కావడం వల్ల. అటువంటి రాయి నీళ్ళలో కొద్దికొద్దిగా కరిగి నీటిని గట్టిపరుస్తుంది. బోరునీళ్ళు అసలే గట్టివి! అంచేత తెచ్చిన ప్రతి రాయి మీదా నిమ్మకాయ పిండి చూశాం. నురుగు వచ్చినవి పెరట్లోకి, రానివి తొట్టెలోకి.

ఇక వాటిని అమర్చడం. ఈ విద్యకు మన కాలంలో గురుపీఠం తకాషి అమానో (1954-2015) అనే జపానువాడు. నీగాతా ప్రాంతంలో పుట్టి, వయసులో వున్నప్పుడు సైకిలు పందాల్లో బతికి, తర్వాత పెద్ద కెమెరా భుజానేసుకుని అమెజాన్, బోర్నియో అడవులు తిరిగాడు. 1982లో నీటితోటలకు సామాను తయారుచేసే సంస్థ పెట్టాడు. చేపలకోసం తొట్టె అన్న లెక్కను తిప్పి, ప్రకృతి దృశ్యం కోసం తొట్టె, అందులో నివాసులుగా చేపలు అన్నాడు. పాచి తినడానికి ఆయన వాడిన చిన్న రొయ్యను ఇవాళ లోకమంతా ఆయన పేరుతోనే పిలుస్తారు. చివరి పెద్ద పని లిస్బన్ నగరపు ఓషనేరియంలో 40 మీటర్ల పొడవున, 1,60,000 లీటర్ల నీటిలో వేసిన తోట. అది 2015లో తెరిచారు. ఆ ఆగస్టులోనే ఆయన పోయాడు.

రాళ్ళు మాత్రమే ప్రధానంగా పేర్చే పద్ధతిని ఇవగుమి అంటారు. బేసి సంఖ్యలో రాళ్ళు. అన్నిటికంటె పెద్దది తొట్టె నడుమ వుండరాదు, ఒక పక్కకు జరగాలి. ఇరవైనాలుగు అంగుళాల పొడవులో తొమ్మిదో అంగుళం దగ్గర అన్నమాట. తక్కినవి దాని వాలునే అనుసరించాలి, ఒకే ప్రవాహం ఒరిపిడికి ఒరిగినట్టు. పదకొండో శతాబ్దపు జపాను ఉద్యానశాస్త్రం 'సకుతైకి'లోనే ఈ భావం వుంది: మొదటి రాయి ఏం కోరుతోందో కనిపెట్టి రెండో రాయి పెట్టమని. సుమారు ఆ శతాబ్దంలోనే కాశ్మీరంలో క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యం ప్రాణమన్నాడు. ఈ మాట ఇంట్లో ఉత్సాహంగా చెబితే "నాన్నా, ఆ రాయి కాస్త ఎత్తి పట్టుకో" అంది అమ్మాయి.

మొక్కలు మొదటిరోజునే దట్టంగా నాటాలి. పిసినారితనం చేస్తే ఆ ఖాళీని పాచి ఆక్రమిస్తుంది. వెనక వరసన రిబ్బను ఆకుల వాలిస్నేరియా, త్వరగా పెరిగే నాచు, మధ్యను క్రిప్టోకోరైన్, చెక్కమొద్దుకు దారంతో కట్టిన జావాఫెర్న్. ఈ ఫెర్న్ దుంపను మట్టిలో పూడిస్తే కుళ్ళిపోతుంది. పట్టకారుతో నాటి, అడుగున పళ్ళెం పెట్టి దాని మీద నెమ్మదిగా నీళ్ళు పోశాం. మునిసిపల్ నీళ్ళ క్లోరిన్‌కు విరుగుడు, ఒకప్పుడు ఫోటో స్టూడియోల్లో వాడిన హైపోయే. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని వాలిస్నేరియాను చూసి, "ఇది మా కొల్లేటి నాచురా! దీనికి డబ్బులిచ్చావా?" అని ఆశ్చర్యపోయింది.

తర్వాత పని ఏమీ లేదు. అదే కష్టం. అమ్మాయి ఒక నోటుబుక్కు పెట్టింది. 4వ రోజు: నీళ్ళు గంజిలా వున్నాయి. 9వ రోజు: క్రిప్ట్ ఆకులన్నీ కరిగిపోయాయి, వేళ్ళు పీకవద్దు. (తోటల్లో నీటిపైన పెంచిన మొక్క నీట మునిగితే పాత ఆకులు వదిలేసి కొత్తవి వేస్తుంది.) 17వ రోజు: గోధుమరంగు పొడి అంతటా. దీపం ఆరుగంటలకు మించకుండా, మొదటి వారం మూడుసార్లు, తర్వాత వారానికి రెండుసార్లు కొంత నీరు మారుస్తూ, రోజూ చిటికెడు చేపల మేత వేస్తూ వచ్చింది. మేత కుళ్ళి అమోనియా ఇస్తుంది. సూక్ష్మజీవులకు అదే భోజనం. చుక్కలమందుతో పరీక్ష: అమోనియా గొట్టం పసుపుగా వుంటే నిశ్చింత, ఆకుపచ్చ తిరిగితే ప్రమాదం.

26వ రోజున గొట్టం పసుపుగా వచ్చింది. దసరాకి మా చెల్లెలు పిల్లలతో దిగుతోంది. చేపల్లేని తొట్టె చూసి వాళ్ళేమనుకుంటారు? "రెండంటే రెండు చేపలు వేద్దాం" అన్నాను. అమ్మాయి మాట్లాడకుండా రెండో గొట్టం తెచ్చి నా ముందు పెట్టింది. నైట్రైట్ గొట్టం, నేరేడుపండు రంగులో వుంది. తొలిసారి చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచిన దృశ్యం కళ్ళముందు మెదిలి, నేను నోరు మూసుకున్నాను. పండగకి వచ్చిన మేనల్లుడు నీళ్ళూ మొక్కలూ చూసి "చేపలు దాక్కున్నాయా మామయ్యా?" అన్నాడు. అవునన్నాను.

41వ రోజున రెండు గొట్టాలూ నిర్మలంగా వున్నాయి. మరో రెండురోజులు ఆగి ఆరు జీబ్రాచేపలు తెచ్చాం. గంగా బ్రహ్మపుత్రల పరిసరాల్లోని వాగులూ పొలాలూ వీటి సొంతూరు. అయినా మా దుకాణానికి వచ్చేది మాత్రం చెన్నై కొళత్తూరు నుంచి. సంచీని అరగంట నీటిపై తేలనిచ్చి వదిలితే, ఆరూ ఆకుల్లోకి దూసుకుపోయాయి. ఎనిమిదోనాడు అమ్మాయి బడికి వెళ్ళేముందు మూడుసార్లు లెక్కపెట్టింది. ఆరే.

అప్పటినుంచి వారానికి పాతిక వంతు నీరు మార్పు. స్పాంజిని తీసేసిన తొట్టెనీటిలోనే పిండడం. మే నెలలో మూత తీసి పంకా తిప్పడం. ఇంతే. ఒకమాట మాత్రం గట్టిగా చెప్పాలి. కత్తిరించిన మొక్కలుగాని, విసుగెత్తిన చేపలుగాని కాలవలో పడెయ్యకండి. మన నాచే, హైడ్రిల్లా, 1950ల తొలినాళ్ళలో అక్వేరియం వర్తకం ద్వారా ఫ్లోరిడా చేరి అక్కడి జలాలను కప్పేసింది. దక్షిణ అమెరికా గుర్రపుడెక్క మనకేం చేసిందో మీకు తెలియనిది కాదు. అద్దం నాకుతుందని ముచ్చటపడి కొన్న సక్కర్‌చేప ఇవాళ మన చెరువుల్లో దయ్యపుచేప అయి వలలు చింపుతోంది. ఎండబెట్టి చెట్టు మొదట్లో వేస్తే మొక్కలు చక్కని ఎరువు.

ఈ జూన్‌లో అమ్మాయి హాస్టలుకు వెళ్ళింది. తొట్టె నా వంతుకు వచ్చింది. మొన్న సాయంత్రం అమ్మ కుర్చీ దగ్గరగా జరుపుకుని కూర్చున్నదల్లా, "ఒరేయ్, వాలిస్నేరియాలో ఏదో కదుల్తోంది" అంది. (ఆ పేరు ఇప్పుడు ఆవిడకి నోరు తిరుగుతుంది.) టార్చి వేసి చూశాం. కనురెప్ప వెంట్రుకంత పొడవు, రెండు నల్లని కళ్ళు. ఒకటి కాదు, మూడు.

వెంటనే హాస్టలుకు ఫోను చేశాను. అమ్మాయి సంతోషిస్తుందనుకుంటే, అటునుంచి కంగారుగా ఒకటే మాట: "ఫిల్టరు మూతికి స్పాంజి కట్టావా నాన్నా? కట్టకపోతే లోపలికి లాగేస్తుంది. ముందు అది కట్టి అప్పుడు మాట్లాడు!"