నౌకలో ప్రాణి, లెక్కలో నష్టం: పశువుల సముద్ర రవాణాపై ఒక పరిశీలన

అంగుత్తర నికాయంలోని వణిజ్జ సుత్తం ఉపాసకుడు చేయదగని ఐదు వ్యాపారాలను పేర్కొంటుంది. అవి ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మద్యం, విషం. వీటిలో ‘సత్తవణిజ్జ’ అనే పదాన్ని పశువుల వ్యాపారంగా గ్రహించడం నేడు పరిపాటి. అయితే అట్ఠకథ దానిని మనుషుల విక్రయంగా వివరించి, పందులు, జింకలు మొదలైనవాటిని పెంచి అమ్మడాన్ని ‘మాంసవణిజ్జ’ కింద చేర్చింది. ఈ విభజన ప్రకారం వధకు ఉద్దేశించిన పశువును ప్రాణంతో అమ్మినా అది మాంస వ్యాపారమే. సముద్రం మీదుగా సాగే సజీవ పశువుల ఎగుమతి విషయంలో దీనినుండి రెండు ప్రశ్నలు పుడతాయి. ప్రయాణంలో ఆ పశువులకు రక్షణ ఏమిటి? అసలు ఆ వ్యాపారమే తగునా?

మొదటి ప్రశ్నకు ప్రాచీన సమాధానం అశోకుని శాసనాల్లో ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ లభించిన రెండవ శిలాశాసనం మనుషులకు, పశువులకు వేర్వేరుగా చికిత్స ఏర్పాటు చేసినట్లు, ఔషధ మూలికలు లేనిచోట తెప్పించి నాటించినట్లు, దారుల వెంట బావులు తవ్వించినట్లు తెలుపుతుంది. ఈ ఏర్పాటు చోళ, పాండ్య దేశాలకూ, తామ్రపర్ణికీ వర్తించిందని అందులో ఉంది. పశువుకు వైద్యం, నీరు, నీడ కల్పించడం పాలకుని బాధ్యతగా ఇక్కడ కనిపిస్తుంది.

అశ్వ వాణిజ్యం: మరణానికి వెల

అజంతా 17వ గుహలోని సింహళావదాన చిత్రంలో ఏనుగులు, గుర్రాలు పడవల్లో కనిపిస్తాయి. అయితే ఓడల్లో పశువుల స్థితిగతులను గూర్చిన వివరమైన కథనాలు మధ్యయుగపు అశ్వ వాణిజ్యానికి సంబంధించినవే. 13వ శతాబ్ది చివర పాండ్య దేశాన్ని చూసిన మార్కో పోలో, అరేబియా, పారశీక తీరాల నుండి దిగుమతైన గుర్రాలు సరైన వైద్యం లేక త్వరగా చనిపోయేవని రాశాడు. మళ్లీ కొత్తవి అమ్ముకోవచ్చునన్న ఆశతో వర్తకులు అశ్వవైద్యులను అక్కడికి రానిచ్చేవారు కాదనీ చెప్పాడు. దారిలో చనిపోయిన గుర్రాలకు సైతం పాండ్య రాజు ఖజానా నుండి వెల చెల్లించేవాడని పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ పేర్కొన్నాడు. విజయనగర చరిత్ర రాసిన పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ కథనం మరింత స్పష్టం. సాళువ నరసింహుడు సముద్రంలో మరణించిన గుర్రానికి దాని తోకను చూపినా బతికిన గుర్రపు వెలే ఇచ్చేవాడట.

ఈ విదేశీ కథనాల్లో అతిశయోక్తి ఉండవచ్చు. కానీ మూడూ ఒకే సూత్రాన్ని సూచిస్తున్నాయి. నష్టం భరించవలసినవాడు రవాణా చేసేవాడు కానప్పుడు పశువును బతికించే శ్రద్ధ సన్నగిల్లుతుంది.

నేటి నౌకల్లో వ్యాధులు, కారణాలు

ఈ సూత్రం నేటికీ చెల్లుతుంది. పచ్చిక బయళ్లలో పెరిగిన గొర్రెలు ఓడలో ఇచ్చే గుళికల దాణాను తరచు ముట్టవు. ఆస్ట్రేలియా నుండి సాగిన ప్రయాణాలపై జరిగిన పరిశోధనల్లో గొర్రెల మరణాలకు మేత ముట్టకపోవడం, సాల్మొనెల్లా వ్యాధి ముఖ్య కారణాలుగా తేలాయి. ఆకలితో నీరసించిన జీవిలో పేగుల వ్యాధి సులువుగా ముదురుతుంది. మల మూత్రాల నుండి వెలువడే అమ్మోనియా కళ్లను, శ్వాసనాళాన్ని బాధిస్తుంది.

అన్నిటికంటె ప్రమాదకరమైనది తేమతో కూడిన వేడి. గొర్రె ప్రధానంగా రొప్పుతూ, శ్వాసలోని తేమ ఆవిరి కావడం ద్వారా శరీరాన్ని చల్లబరచుకుంటుంది. గాలిలో తేమ నిండినప్పుడు ఆ మార్గం మూసుకుపోతుంది. దక్షిణార్ధగోళపు చలికాలం నుండి ఉన్నితో బయలుదేరిన గొర్రె రెండు మూడు వారాలలోనే గల్ఫ్ వేసవిలోకి చేరుతుంది. 2017 ఆగస్టులో అవస్సీ ఎక్స్‌ప్రెస్ అనే నౌకలో సుమారు 63,800 గొర్రెలు ప్రయాణించగా, దాదాపు 2,400 వేడికి మరణించాయి. ఆ దృశ్యాలు 2018లో బయటపడ్డాయి.

అప్పటి ఆస్ట్రేలియా నిబంధనల ప్రకారం గొర్రెల మరణాలు 2 శాతానికి చేరినప్పుడే ప్రత్యేకంగా నివేదించాలి. 2018లో ఆ పరిమితిని 1 శాతానికి తగ్గించారు. అయినా ఇటువంటి కొలమానానికి ఒక లోపం ఉంది. అది చనిపోయినవాటినే లెక్కిస్తుంది. రోజుల తరబడి రొప్పుతూ, పడుకోవడానికి చోటు లేక, బతికి ఒడ్డు చేరిన పశువు బాధ ఆ శాతంలోకి రాదు.

రెండు మార్గాలు

ఈ సమస్యకు నేడు రెండు విధాల స్పందన కనిపిస్తుంది. మొదటిది సంరక్షణ మార్గం. ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ నియమావళి ప్రయాణానికి తగిన పశువులనే ఎంచుకోవాలనీ, శిక్షణ పొందినవారు వెంట ఉండాలనీ, ముందస్తు ప్రణాళిక అవసరమనీ సూచిస్తుంది. గల్ఫ్ వేసవి నెలల్లో గొర్రెల నౌకలను ఆపివేయడం కూడా ఈ కోవలోనిదే.

రెండవది విరమణ మార్గం. 2020 సెప్టెంబరులో న్యూజీలాండ్ నుండి చైనాకు వెళుతున్న గల్ఫ్ లైవ్‌స్టాక్ 1 నౌక 5,867 పశువులతో, 43 మంది సిబ్బందితో మునిగిపోయింది. ఇద్దరు నావికులు మాత్రమే బతికారు. ఆ దేశం 2023 ఏప్రిల్ చివర సముద్ర మార్గాన పశువుల ఎగుమతిని నిలిపివేసింది. ఆస్ట్రేలియా 2024లో చేసిన చట్టం ప్రకారం గొర్రెల సముద్ర ఎగుమతి 2028 మే 1న ముగుస్తుంది. భారతదేశంలో సజీవ పశువుల ఎగుమతిని చట్టంలో చేర్చిన ముసాయిదా బిల్లు 2023 జూన్‌లో వెలువడి, అభ్యంతరాల నడుమ అదే నెలలో ఉపసంహరింపబడింది.

మొదటి మార్గం అశోకుని రెండవ శిలాశాసనానికి, రెండవది వణిజ్జ సుత్తానికి సమీపంగా ఉన్నాయి. అయితే ఈ రెండు ఆధారాలు పరస్పర విరుద్ధాలు కావు. సుత్తం ఉపాసకుని జీవికను గురించి చెబుతుంది. శాసనం పాలకుని బాధ్యతను చెబుతుంది. వ్యాపారం ఆగేలోపు ఓడలో ఉన్న పశువుకు నీరు, గాలి, వైద్యం అందవలసిందే. అందినంత మాత్రాన ఆ వ్యాపారం తగినదేనా అన్న ప్రశ్న తీరిపోదు. ఈ విషయమై చర్చించే పరిశోధకులు, భిక్షువులు ఒక ఆధారాన్ని మరొకదానికి బదులుగా చూపకుండా, దేని పరిధిలో దానిని ఉంచడం అవసరం.