అర్ధవాహకాలలో ఆవేశ వాహకాల ప్రభావక ద్రవ్యరాశి

శూన్యంలో నిశ్చల ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి 9.11 × 10⁻³¹ కిలోగ్రాములు. ఇది స్థిరాంకం. అయినప్పటికీ గాలియం ఆర్సెనైడ్ స్ఫటికంలోని వాహక ఎలక్ట్రాన్, విద్యుత్ క్షేత్రానికి లోనైనప్పుడు ఈ విలువలో 0.067 వంతు ద్రవ్యరాశి మాత్రమే గల కణంవలె ప్రవర్తిస్తుంది. అయితే స్ఫటికంలో ఎలక్ట్రాన్ నిజంగానే తేలికపడుతున్నదా?

స్ఫటికంలోని ఎలక్ట్రాన్‌పై బాహ్య బలంతోపాటు, క్రమబద్ధంగా అమరిన పరమాణువుల వల్ల కలిగే బలాలు కూడా పనిచేస్తాయి. వీటిని విడివిడిగా లెక్కించుటకు బదులు, వాటి ప్రభావాన్ని ద్రవ్యరాశిలోనే ఇమిడ్చి, బాహ్య బలానికీ త్వరణానికీ గల నిష్పత్తిని ప్రభావక ద్రవ్యరాశి అంటారు. శక్తికీ తరంగ సదిశకూ గల సంబంధాన్ని తెలిపే వక్రం నుండి దీనిని గణిస్తారు. ఆ వక్రత ఎంత ఎక్కువైతే ప్రభావక ద్రవ్యరాశి అంత తక్కువ.

వక్రత అన్ని దిశలలో ఒకేవిధంగా ఉండనవసరం లేదు. సిలికాన్ వాహక పట్టీ అడుగున ఆరు సమాన శక్తి లోయలున్నాయి. ప్రతి లోయలోనూ నిడివి దిశలో ప్రభావక ద్రవ్యరాశి సుమారు 0.98 వంతు కాగా, అడ్డు దిశలలో 0.19 వంతు.

వేలన్సీ పట్టీ శిఖరం వద్ద వక్రత రుణాత్మకం. కనుక ఎలక్ట్రాన్ ప్రభావక ద్రవ్యరాశి కూడా రుణాత్మకమే. దాదాపు నిండిన పట్టీలో ఒక ఎలక్ట్రాన్ లోపిస్తే, ఆ పట్టీ మొత్తం ప్రవర్తనను ధనావేశం, ధన ద్రవ్యరాశి గల ఒకే కణంతో వర్ణించవచ్చు. అదే రంధ్రం. కొన్ని ఘనపదార్థాలలో హాల్ ప్రభావం ధనావేశ వాహకాలను సూచించడానికి కారణాన్ని రుడాల్ఫ్ పైయర్ల్స్ 1929లో ఈ మార్గంలోనే వివరించాడు.

ఈ భావన కేవలం గణిత సౌకర్యం కాదు, దానిని కొలవవచ్చు. అయస్కాంత క్షేత్రంలో వాహకాల పరిభ్రమణ పౌనఃపున్యం ప్రభావక ద్రవ్యరాశికి విలోమానుపాతంలో ఉంటుంది. 1950వ దశకంలో డ్రెసెల్‌హాస్, కిప్, కిట్టెల్ సైక్లోట్రాన్ అనునాదం ద్వారా జెర్మేనియం, సిలికాన్‌లలో ఈ విలువలను నిర్ధారించారు. వాహకం ఢీకొనకముందే పరిభ్రమణంలో తగినంత భాగం పూర్తిచేయాలి గనుక, ఆ ప్రయోగాలను ద్రవ హీలియం ఉష్ణోగ్రతల వద్ద జరిపారు.

చలనశీలత కూడా ప్రభావక ద్రవ్యరాశికి విలోమానుపాతమే. గది ఉష్ణోగ్రత వద్ద ఎలక్ట్రాన్ల చలనశీలత గాలియం ఆర్సెనైడ్‌లో సుమారు 8500, సిలికాన్‌లో సుమారు 1400 చదరపు సెంటీమీటర్లు ప్రతి వోల్టు-సెకనుకు; అంటే ఆరు రెట్ల తేడా. వహనానికి వర్తించే ద్రవ్యరాశుల నిష్పత్తి మాత్రం నాలుగు రెట్లే. మిగిలిన తేడా అభిఘాతాల మధ్య గడిచే సగటు కాలానిది. కావున చలనశీలతను ద్రవ్యరాశితో మాత్రమే అంచనా వేయరాదు.

ఎలక్ట్రాన్ తేలికపడదు. కొలతలో తేలేది ఎలక్ట్రాన్, స్ఫటిక జాలకం కలిసి చూపే జడత్వం.