మీకు తెలుసా? పాత బెంజి బేరం

కొత్తగా ఉన్నప్పుడు అరకోటి పలికిన బెంజి ఈ-క్లాస్, బీఎండబ్ల్యూ 5 సిరీస్, ఆడి ఏ6 లాంటివి పదేళ్లు తిరిగేసరికి కొత్త మారుతీ ధరకు దిగొస్తాయి. బండి ధర దిగుతుంది కానీ దాని విడిభాగాల ధర దిగదు. అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే ఇవి చూసుకోండి.

• వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మర్నాడు పొద్దున్నే వస్తామని చెప్పండి. బీఎండబ్ల్యూ 320డీ, 520డీల్లో 2007 నుంచి వచ్చిన ఎన్47 డీజిల్ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ వెనకాల, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అది అరిగితే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు వెనకవైపు గరగర వినిపిస్తుంది. ఖర్చంతా చైన్‌ది కాదు, దాన్ని అందుకోవడానికి విప్పాల్సిన వాటిది. తెగిందా, ఇంజినే పోయినట్టు.

• ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారునూ పొద్దునే చూడాలి. ఎక్కడైనా గాలి లీకవుతుంటే రాత్రికి రాత్రే ఆ మూల కిందికి దిగిపోతుంది. స్టార్ట్ చేస్తే కంప్రెసర్ మళ్లీ పైకి లేపేస్తుంది కాబట్టి సాయంత్రం వెళ్లినవాళ్లకు ఏమీ కనబడదు. లీకు ఉన్నంతకాలం పని చేసీ చేసీ ఆ కంప్రెసరూ కాలిపోతుంది.

• మీటర్ వెనక్కి తిప్పినా లెక్క ఇంకోచోట దొరకొచ్చు. చాలా బీఎండబ్ల్యూల్లో తాళంచెవే కిలోమీటర్లను గుర్తుపెట్టుకుంటుంది. సర్వీస్ సెంటర్‌లో దాన్ని చదవగలరు. స్కానర్ పెడితే గేర్‌బాక్స్ లాంటి ఇతర కంప్యూటర్లలోని రీడింగ్ కూడా బయటపడొచ్చు. ఈ అంకెలు మీటర్‌తో కలవకపోతే బేరం అక్కడితో ఆపేయండి.

• 2002లో వచ్చిన ఈ-క్లాస్‌లో ఎస్‌బీసీ అనే ఎలక్ట్రానిక్ బ్రేకు ఉండేది. ఎన్నిసార్లు బ్రేకు నొక్కారో అది లెక్కపెట్టుకుని, పరిమితి దాటితే యూనిట్ మార్చమని హెచ్చరిస్తుంది. 2004లో ఈ బ్రేకుల కోసమే కంపెనీ 6,80,000 కార్లను వెనక్కి పిలిపించింది. 2006 ఫేస్‌లిఫ్ట్‌లో ఈ-క్లాస్ నుంచి దాన్ని తీసేసింది. పాత మోడల్ కొంటుంటే ఆ యూనిట్ ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి.

• ‘ఈ గేర్‌బాక్స్‌కు ఆయిల్ మార్చే పనే లేదు, లైఫ్‌టైమ్’ అంటారు అమ్మేవాళ్లు. 5 సిరీస్‌కు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లు చేసిచ్చే జెడ్‌ఎఫ్ కంపెనీ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. లక్ష దాటిన బండికి ఆ బిల్లు లేదంటే ఆ ఖర్చు మీదే.

• డీజిల్ కారు పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్, డీపీఎఫ్, ఉంటే అది తనను తాను శుభ్రం చేసుకోవడానికి కొంతసేపు హైవే పరుగు కావాలి. ఇంటికీ ఆఫీసుకూ మధ్యే తిరిగిన కారులో అది మూసుకుపోతుంది. ‘తక్కువ తిరిగింది’ అనగానే మురిసిపోకండి, ఎక్కడ తిరిగిందో అడగండి.

• 2015లో చెన్నైలో, 2020లో హైదరాబాద్‌లో, 2024లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. బీమా కంపెనీ ‘టోటల్ లాస్’ కింద తీసేసిన కారు కూడా వేలంలో అమ్ముడై, పాలిష్ పట్టించుకుని మళ్లీ అమ్మకానికి రావచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద చార ఉందేమో చూడండి. డిక్కీలో స్టెప్నీ గుంట, కార్పెట్ల అడుగు కూడా తడిమి చూడండి. లగ్జరీ కార్లలో చాలా కంప్యూటర్లు, వైర్లు ఉండేది అక్కడే.

• ఢిల్లీ బండి ఎందుకంత చవక? పదేళ్లు దాటిన డీజిల్ కార్లు రాజధాని ప్రాంతంలో తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. ఆ గడువు దగ్గరపడిన బండిని ఇటు తెచ్చుకుంటే అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీతో పాటు ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే దాన్ని కొట్టేయించే బాధ్యత అమ్మేవారిదని ముందే రాయించుకోండి. ఇవన్నీ కలిపాక కూడా చవకగా కనిపిస్తేనే తాళాలు తీసుకోండి.