దవడ కింద నీటిగడ్డ: కత్తి కంటే ముందు సూది

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో దవడ కింద వాపు కనిపిస్తే “బిళ్ల కట్టింది” అంటారు. సున్నం, బెల్లం కలిపి పట్టు వేస్తారు. పంటి చీము వల్లో గొంతునొప్పి వల్లో కట్టిన బిళ్ల రెండు మూడు వారాల్లో దానంతటదే కరిగిపోతుంది. అంతకు మించి ఉండిపోయిన వాపుతోనే చిక్కు. మెత్తగా, లోపల నీరున్నట్టు కదిలే గడ్డయితే నొప్పీ ఉండదు, జ్వరమూ ఉండదు. నెలలు గడిచిపోతాయి.

డాక్టరు మొదట చూసేది వయసు. రెండేళ్ల లోపు పిల్లల్లో అది ఎక్కువగా పుట్టుకతో వచ్చిన లింఫు తిత్తి. గది చీకటి చేసి టార్చిలైటు ఆనిస్తే గడ్డంతా ఎర్రగా వెలుగుతుంది. తింటున్నప్పుడు ఉబ్బి, తర్వాత తగ్గే వాపయితే లాలాజల గ్రంథి గొట్టంలో రాయి అడ్డుపడిందేమో అనుమానించాలి.

యువతలో మరొకటి కనిపిస్తుంది. నాలుక కింది గ్రంథి నుంచి కారిన ఉమ్మి, నోటి అడుగు కండరం సందులోంచి మెడలోకి జారి నిలుస్తుంది. సూదితో లాగితే కోడిగుడ్డు తెల్లసొనలా జిగటగా వస్తుంది. పరీక్షిస్తే అందులో ఉమ్మిలో ఉండే ఎమైలేజ్ అనే ఎంజైము ఎక్కువగా ఉంటుంది. నీరు తీసినంత మాత్రాన నయం కాదు, మళ్లీ నిండుతుంది. ఆ గ్రంథిని తీసేయాల్సిందే.

చేతి పరీక్షకు విలువ తగ్గలేదు. గ్లౌజు తొడిగిన ఒక వేలు నాలుక పక్కన నోటి అడుగున పెట్టి, రెండో చేత్తో దవడ కింద నుంచి పైకి నొక్కుతారు. రెండు చేతుల మధ్యా అందితే అది చాలావరకు లాలాజల గ్రంథిదే. బయటి చేతికే తగిలితే లింఫు బిళ్ల కావచ్చు.

మన దగ్గర మరిచిపోకూడనిది క్షయ. వేడీ ఎరుపూ లేకుండా బిళ్ల లోపలే చీము పడుతుంది. మామూలు సెగగడ్డ అనుకుని కోస్తే, మానని పుండై నెలల తరబడి కారుతూనే ఉండొచ్చు. సూదితో తీసిన చీమును సీబీనాట్ యంత్రంలో పెడితే క్షయ క్రిమి ఉందో లేదో కొన్ని గంటల్లో తెలుస్తుంది. మందులు సర్కారు ఉచితంగానే ఇస్తుంది.

నలభై దాటినవారి సంగతి వేరు, ఉత్తరాంధ్రలో మరీ వేరు. ఇక్కడ అడ్డపొగ అలవాటుంది, ఆడవాళ్లలో మరీ ఎక్కువ. చుట్ట వెలిగించి, నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తులను పరీక్షించి పిండ్‌బోర్గ్, ఫలీ మెహతా బృందం 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ప్రచురించిన అధ్యయనం, ఆ వేడికి అంగిలిలో వచ్చే మార్పులను వివరంగా నమోదు చేసింది. వాటిలో కొన్ని నోటి క్యాన్సర్‌గా మారొచ్చు. ఆ క్యాన్సర్ దవడ కింది బిళ్లలకు పాకుతుంది. పాకిన బిళ్ల మధ్యలో కుళ్లి నీరు పడితే, పైకి అచ్చం నీటితిత్తిలాగే ఉంటుంది. అందుకే ఈ వయసులో నీటిగడ్డ కనబడితే, కాదని తేలేదాకా క్యాన్సర్‌గానే అనుమానించాలి. నోరు తెరిపించి, కట్టుడుపళ్లు తీయించి, అంగిలి అంతా చూడాలి. చుట్ట తాగుతావా అని అడిగితే సరిపోదు. నిప్పు ఎటువైపో అడగాలి.

సన్నని సూదితో కణాలు తీసే పరీక్షంటే చాలామందికి భయం. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందనుకుంటారు. సన్నని సూదితో ఆ ముప్పు దాదాపు లేదు. రోగనిర్ధారణ లేకుండా గడ్డను కోసి తెరవడమే తర్వాతి చికిత్సను కష్టం చేస్తుంది. ఒక్కోసారి సూదిలో ఉత్త నీరే వచ్చి, కణాలు దొరకవు. అలాంటప్పుడు “ఏమీ లేదు” అన్న మాటతో ఇంటికి వెళ్లిపోకూడదు. అల్ట్రాసౌండులో చూస్తూ గడ్డ గోడ దగ్గర, గట్టిగా ఉన్నచోట, మళ్లీ సూది వేయించుకోవాలి.