ఐదోసారి అందిన మొదటి ర్యాంకు



మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్ గారు సివిల్ సర్వీసెస్ 2017 పరీక్షలో దేశంలోనే మొదటి ర్యాంకు సాధించారు. అది ఆయన ఐదో ప్రయత్నం. అంతకుముందే ఐఆర్‌ఎస్ ఉద్యోగం వచ్చింది. అయినా ఐఏఎస్ లక్ష్యాన్ని వదల్లేదు, ఉద్యోగం చేస్తూనే చదివారు.

మరో సంగతి గమనించండి. ఆ మొదటి ర్యాంకుకు వచ్చిన మార్కులు 2025కి 1126, అంటే సుమారు 55.6 శాతం. పరీక్షలు వేరు, నిజమే. కానీ మన బిడ్డకు స్లిప్ టెస్టులో 55 శాతం వస్తే ఇంట్లో ఏమంటున్నాం?

పెద్ద లక్ష్యం ఏళ్ల దూరంలో ఉంటుంది. ఉత్సాహం మాత్రం రోజూ కావాలి. ‘నిన్న రాని లెక్క ఈరోజు వచ్చింది’ అన్న తృప్తిలోంచే అది పుడుతుంది. అందుకే ఇంట్లో ఈ మూడు పనులు చేయండి.

1. ఐఐటీ, నీట్ అని రోజూ గుర్తుచేయకండి. ఈ వారం ఏ పాఠం పూర్తిచేయాలో బిడ్డతోనే రాయించండి.

2. ‘మార్కులు ఎందుకు తగ్గాయి?’ అంటే పిల్లలు భయపడతారు. ‘ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయావు?’ అంటే పుస్తకం తెరిచి చూపిస్తారు.

3. పరీక్షలున్నాయని సాయంత్రం ఆట పూర్తిగా మాన్పించకండి. అలసిన బుర్రకు ఎంత చదివినా ఎక్కదు.

ఈ నెల ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టే ముందు, మెరుగుపడిన ఒక్క సబ్జెక్టు గురించి బిడ్డతో మాట్లాడండి. తగ్గినవాటి సంగతి ఆ తర్వాత చూద్దాం.