గుగ్గిలం కొలెస్ట్రాల్‌ను కరిగిస్తుందా?

మైసాక్షి గుగ్గిలం ముక్కను నిప్పుల మీద వేస్తే ముందు మెత్తబడుతుంది, బుడగలు పోస్తుంది, ఆ తర్వాత చిక్కటి పొగ వదులుతుంది. పూజాసామగ్రి కొట్టులో తూకానికి అమ్మే ఈ జిగురే కొలెస్ట్రాల్ మందుగా మాత్రల్లోకీ ఎక్కింది.

దీని కథ కాశీలో మొదలైంది. 1966లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి, మేదోరోగం (ఒంట్లో కొవ్వు పేరుకునే జబ్బు) గురించి సుశ్రుత సంహితలో ఉన్న మాటలను ప్రయోగానికి పెట్టారు. కొవ్వు మేపిన కుందేళ్ళకు గుగ్గిలం ఇస్తే వాటి రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గింది. పాత గ్రంథాన్ని కళ్ళకద్దుకుని ఊరుకోలేదు, పాతదని పక్కకూ నెట్టలేదు ఆవిడ. ఆ తీరుకు చేతులెత్తి మొక్కాలి. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన గుగ్గిలం సారం 1980ల్లో 'గుగులిపిడ్' పేరుతో మందుల షాపులకు చేరింది.

మన దేశంలో జరిగిన చిన్న పరీక్షల్లో ఫలితం బాగానే కనిపించింది. అమెరికాలో కథ అడ్డం తిరిగింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు 103 మందిని తీసుకుని, కొందరికి గుగ్గిలం సారం, మిగతావారికి మందు లేని మాత్రలు ఎనిమిది వారాల పాటు ఇచ్చారు. 2003లో ఫలితాలు వచ్చాయి. గుగ్గిలం మింగినవారిలో చెడ్డ కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ తగ్గకపోగా నాలుగైదు శాతం పెరిగింది! ఆరుగురికి ఒంటి మీద దద్దుర్లు లేచాయి. పైగా బీపీకి, గుండెకు వాడే ప్రొప్రనొలాల్, డిల్టియాజెమ్ లాంటి మందులు ఒంటికి పట్టకుండా గుగ్గిలం అడ్డుపడగలదు. 'ఆకుపసరే కదా, ఏం చేస్తుందిలే' అనుకునేవారు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

గుగ్గిలానికున్న గిరాకీకి దాన్నిచ్చే చెట్టు కూడా బలవుతోంది. కచ్, రాజస్థాన్ మెట్టల్లో పెరిగే ఈ ముళ్ళ పొదకు గాట్లు పెట్టి జిగురు తీస్తారు. ఎక్కువ రావాలని లోతుగా గాట్లు పెడితే మొక్క ఎండిపోతుంది. ఇప్పుడది పూర్తిగా అంతరించిపోయే ప్రమాదం అంచున ఉన్న జాతుల జాబితాలో ఉంది.

మరి మొక్కల్లో పనిచేసేది ఏదీ లేదా? ఉంది, అదీ చవకది. ఇసబ్‌గోల్ పొట్టు. మలబద్ధకానికని ఇంట్లో పెట్టుకునే డబ్బాయే. గ్లాసు నీళ్ళలో రెండు చెంచాలు కలిపి కాసేపు ఉంచితే సగ్గుబియ్యం జావలా చిక్కబడుతుంది. పేగుల్లోనూ అలాగే జిగురై, పైత్యరసంలోని ఆమ్లాలను పట్టుకుని విరేచనంతో బయటికి పంపేస్తుంది. పోయినదాన్ని మళ్ళీ తయారుచేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌నే వాడుకుంటుంది. రోజుకు పది గ్రాముల చొప్పున కొన్ని వారాలు తీసుకున్నవారిలో ఎల్‌డీఎల్ కొద్దిగానే అయినా తగ్గిందని చాలా పరీక్షల్లో తేలింది. డాక్టరు రాసిన స్టాటిన్ మాత్రను మానేసేంత తగ్గుదల మాత్రం కాదు. పొట్టును నీళ్ళు బాగా పోసుకునే తాగాలి. పొడిగా మింగితే గొంతులో ఉబ్బి అడ్డుపడవచ్చు. మిగతా మాత్రలకూ దీనికీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి.